బియ్యం ఇంకా ఓడలోనే ఉంది

మా షాపులో బియ్యం వరస చివర, గోధుమపిండి బస్తాల వెనక, నూకల బస్తా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అది ఒక్క మనిషి కోసం తెప్పించేది. పోయిన వారం మా గుజరాతీ ఓనరు భాయ్ సరుకు సర్దిస్తూ వచ్చి దాని మీద చెయ్యి వేసి, "బెన్, ఇదింకా ఇక్కడే ఉందేంటి? మీ ఆఫ్రికా సిస్టర్ రావట్లేదా?" అని అడిగాడు. ఆవిడ పోయిందని చెప్పాను. వాళ్ళ దేశం వెళ్ళి, వాళ్ళ తోబుట్టువుల మధ్యే పోయిందట. ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. భాయ్ బస్తా మీంచి చెయ్యి తీసి, "అయితే వెనక్కి పంపించెయ్యనా?" అన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దో నాకూ తెలీదు. అప్పట్నించీ ఆ వరసలోకి వెళ్తే కాలు నిలవడం లేదు. ఏదో తీసుకోవడానికి వెళ్ళి, ఏంటో మర్చిపోయి, ఖాళీ చేతులతో తిరిగొస్తున్నాను.

ఆవిడకో పేరుంది గానీ నేనెప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. నాకు అక్క, ఆవిడకి నేను చెల్లి. ఆ రెండు మాటలూ నేనే నేర్పాను.

అమెరికాలో, ఈ పిస్కాటవేలో, మా ఇండియన్ షాపుకీ, పక్కనున్న జడలల్లే షాపుకీ గోడ ఒకటే. ఆ షాపు అక్కది. సెనెగల్ నుంచి వచ్చింది. పొద్దుటే మొదలుపెడితే సాయంత్రందాకా నిలబడి దారాల్లాంటి సన్నటి జడలు అల్లేది. వచ్చినవాళ్ళు కూర్చునేవారు, ఆవిడకని వేసుకున్న కుర్చీలో ఆవిడ హ్యాండ్‌బ్యాగు కూర్చునేది. మా షాపుకి వచ్చినా అంతే. టీ ఇస్తే కప్పు పట్టుకుని పప్పుల వరసకీ పచ్చళ్ళ వరసకీ మధ్య తిరుగుతూ తాగేది. "కూర్చో అక్కా, కాళ్ళు నొప్పులు పుడతాయి" అంటే, "నేను కూర్చుంటే పని లేచి నుంచుంటుంది" అనేది. నోట్లో ఎప్పుడూ ఒక పుల్ల, మన వేపపుల్లలాంటిదే. కోపం వస్తే అది ఎడమ బుగ్గలోకి పోయేది. నెత్తిన కట్టిన గుడ్డ మాత్రం ఎంత గాలిలోనూ కదిలేది కాదు.

నేను చదివింది అయిదో తరగతి. ఆవిడ వాళ్ళ ఊళ్ళో ఫ్రెంచి బడిలో కాస్త ఎక్కువే చదివింది గానీ, ఇంగ్లీషు దగ్గరకొస్తే ఇద్దరం సమానం. ఆవిడ మాటల్లో సగం ఫ్రెంచి, నా మాటల్లో సగం తెలుగు, మిగిలింది చేతులు. అయినా మాకు అర్థం కాని మాటంటూ ఉండేది కాదు. ఇక్కడ రాసేదంతా నా చెవికి అందిన తెలుగు.

ఫ్రెంచి అంటే ఆవిడకి కోపమూ ఉండేది, గర్వమూ ఉండేది. చిన్నప్పుడు బడిలో ఇంటిభాష మాట్లాడితే మెడలో చెక్కముక్క వేలాడదీసేవారట. ఇంకో పిల్ల ఎవరైనా నోరు జారేదాకా అది మొయ్యాలి. ఆ చెక్క మోసిన మెడే, షాపులో ఎవరైనా ఫ్రెంచి తప్పుగా మాట్లాడితే చాలు, గిర్రున తిరిగేది. అల్లుతున్న జడ వదిలేసి మరీ దిద్దేది. ఒకసారి, "మా దేశం నోట్లు ఇప్పటికీ ఫ్రాన్సులోనే అచ్చవుతాయి తెలుసా" అంది.

"అదేంటక్కా, మీ దగ్గర ప్రెస్సు లేదా?"

"స్వాతంత్ర్యం ఇచ్చి వెళ్ళేటప్పుడు, ప్రెస్సు ఇవ్వడం మర్చిపోయారు" అంది, పుల్ల అటునుంచి ఇటు మార్చుకుని.

మా పరిచయం మాత్రం బియ్యం దగ్గరే. నేను ఆ షాపులో చేరిన కొత్తలో ఒకరోజు వచ్చి బియ్యం బస్తాలన్నీ తడిమింది. సోనామసూరి గుప్పెట్లోకి తీసుకుంది, ఊదింది, అద్దం తలుపు దగ్గర వెలుగులో చూసింది, రెండు గింజలు ముందుపళ్ళతో కొరికి, "బాగాలేదు" అంది. మా షాపులో అంతకంటే మంచి బియ్యం లేవు. బాస్మతి చూపించాను. ఇంకా ముఖం చిట్లించింది. చివరికి రెండు వేళ్ళతో ఒక గింజని ముక్కలు చేసినట్టు చూపించి, "ఇలాంటివి" అంది.

"నూకలా?" అన్నాను. ఉప్మాకనీ, కోళ్ళకనీ కొనేవాళ్ళని చూశాను గానీ, బాస్మతి వద్దని నూకలు అడిగేవాళ్ళని అప్పుడే చూడటం.

అప్పుడు గుర్తొచ్చింది. మాది కాకినాడ పక్క పల్లె. ఆడపడుచు స్పాన్సర్ చేస్తే మా ఆయనా నేనూ ఇక్కడికొచ్చాం గానీ, అంతకు ముందు నేను రైసుమిల్లులో పనిచేసేదాన్ని. జల్లెళ్ళ కింద పడ్డ నూకలు వేరే బస్తాలకెత్తి, వాటి మీద ఏవో మాకు రాని అక్షరాలు, ఒక ఒంటె బొమ్మా వేసి పోర్టుకి పంపేవారు. ఎక్కడికని అడిగితే మేస్త్రి, "ఆఫ్రికాకంట" అన్నాడు. "అంత నూక ఏం చేసుకుంటారండీ?" అంటే, "కోళ్ళు ఎక్కువేమో వాళ్ళకి" అన్నాడు. అందరం నవ్వుకుని మళ్ళీ పనిలో పడ్డాం.

కోళ్ళ ముక్క వదిలేసి మిగతాదంతా చెప్పాను. ఆవిడ తిరగడం ఆపేసింది. "ఒంటె ఎటు చూస్తోంది?" అంది. ఎడమపక్కకి అన్నాను. అంతే, నన్ను పట్టుకుని కౌంటరు మీదుగా కావిలించుకుంది. వాళ్ళమ్మ ఇంట్లో అవే బస్తాలట. ఖాళీ అయ్యాక విప్పి దిండుగలీబులు కుట్టేదట, తను ఆ ఒంటె మీద చెంప పెట్టుకుని నిద్రపోయేదట. ఎడమపక్కకి చూసే ఒంటె బస్తాలు లోకంలో ఎన్నున్నాయో దేవుడికెరుక. ఆవిడ మాత్రం అవి నా చేతిమీదుగా వెళ్ళినవే అని తేల్చేసింది. షాపుకొచ్చిన వాళ్ళందరికీ నన్ను చూపించి, "ఈవిడ పంపిస్తే మేం తిన్నాం" అని చెప్పేది. నాకు కాస్త సిగ్గుగా ఉండేది, కాస్త బాగానూ ఉండేది.

ఆవిడ వండే చేపల అన్నం గురించి చెప్పకపోతే ఆవిడ గురించి ఏమీ చెప్పనట్టే. పెద్ద గిన్నెలో నూనె, ఉల్లి, టమాటా, ఎండుచేప, చింతపండు కూడా వేసి చేపముక్కలు ఉడికిస్తుంది. పైన చిల్లుల గిన్నెలో కడిగిన నూకలు. రెండు గిన్నెలు కలిసే చోట ఆవిరి పోకుండా తడిగుడ్డ చుట్టి బొటనవేలితో నొక్కుకుంటూ వస్తుంది, మేం కుడుములకి కుండమూతికి వాసెన కట్టినట్టు. తర్వాత ఆ నూకల్ని పులుసులోకి దింపి మగ్గనిస్తుంది. అడుగున పట్టిన మాడు గీకి ఎవరిని గౌరవించాలో వాళ్ళకి పెడుతుంది. వండుతున్నంతసేపూ పొయ్యి దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు. ఒకసారి పొంగుతోందని నేను మంట తగ్గించబోతే నా చేతి మీద ఒక్కటి వేసింది. "చెల్లివే గానీ, నా మంట జోలికి రాకు" అంది.

రెండు వేల ఎనిమిదిలో ఇండియా నుంచి బియ్యం రావట్లేదని షాపులన్నీ ఖాళీ అయ్యాయి. మనవాళ్ళు ఒక్కొక్కరూ నాలుగేసి బస్తాలు కార్లలో వేసుకుపోయారు. నూకలు అసలే లేవు. అక్క సోనామసూరి బస్తా ఒకటి మోసుకుపోయింది, ముఖం మాడ్చుకుని. మర్నాడు వాళ్ళ షాపు వెనకగదికి వెళ్తే, టేబులు మీద దుప్పటి పరిచి, బియ్యం పోసి, పైన ఇంకో గుడ్డ కప్పి, సీసాతో దంచుతోంది. టకటకమని గింజలు విరుగుతున్నాయి.

"అయ్యో అక్కా, అన్నపూర్ణని అలా కొడతారా" అన్నాను.

"ఇంత పొడుగు గింజ పులుసేం తాగుతుంది? నోరు మూసుకుని కూర్చుంటుంది. విరిగితేనే తాగుతుంది" అంది దంచుతూనే.

నేను బస్తాలో చెయ్యి పెట్టి ఆ గింజల్ని చూశాను. మిల్లులో విరక్కుండా ఉండాలని ఎన్ని అవస్థలు పడేవాళ్ళమో. విరిగినందుకు ఆపరేటరుకి తిట్లు. ఇక్కడ విరగనందుకు దెబ్బలు. చెప్తే ఆవిడా నవ్వింది. సీసా నా చేతికిచ్చి, "అయితే నువ్వూ నాలుగు వెయ్యి, ఆ తిట్లన్నీ తీరతాయి" అంది. వేశాను.

వాళ్ళ జనంలో బిడ్డ పుట్టిన వారానికి పేరు పెడతారు. నెవార్కులోనైనా న్యూయార్కులోనైనా ఎవరింట్లో పేరు పెట్టినా గిన్నె అక్కదే. తన ఒక్కగానొక్క కూతురికి బిడ్డ పుట్టే రోజు కోసం ఎదురుచూస్తూ, "ఇప్పటిదాకా వండినవన్నీ ప్రాక్టీసు, అసలు వంట ఆ రోజుది" అనేది.

ఆ కూతురు యూనివర్సిటీలో ఆఫ్రికా చరిత్ర చదువుతోంది. చిన్నప్పుడే వచ్చేసింది కాబట్టి ఇంగ్లీషు ఇక్కడి పిల్లల్లాగే. నన్ను ఆంటీ అని పిలిచేది, బస్తా నన్ను ఎత్తనిచ్చేది కాదు. కడుపుతో ఉన్నప్పుడు ఒకరోజు తల్లీకూతుళ్ళిద్దరూ షాపుకొచ్చారు. అక్క ఎప్పటిలాగే నూకలు గుప్పెట్లోకి తీసుకుని ఊదుతోంది. ఆ పిల్ల చూసి చూసి, "అమ్మా, పేరు పెట్టేరోజు ఇవి వండొద్దు" అంది.

అక్క పుల్ల బుగ్గలోకి పోయింది.

"ఆంటీ, మీరూ వినండి" అని ఆ పిల్ల నాకర్థమయ్యేలా మెల్లగా చెప్పింది. "ఇది మా తిండి కాదు. మాది సజ్జ. ఫ్రెంచివాళ్ళకి నూనె కావాలని మా పొలాల్లో వేరుశనగ వేయించారు. సజ్జ వేసుకునే నేల తగ్గిపోయింది. మరి కడుపులు నిండాలిగా. వాళ్ళ చేతికింద ఉన్న ఇంకో దేశం నుంచి, ఎవరికీ అక్కర్లేని ముక్కబియ్యం ఓడల్లో తెచ్చి పోశారు. వాళ్ళు వెళ్ళిపోయినా ఓడలు మాత్రం ఆగలేదు. ఇప్పుడు మేం దాన్నే మా సంప్రదాయం అంటున్నాం."

"అంటే మా అమ్మ చెత్త వండి పెట్టిందా నాకు?" అంది అక్క.

"అమ్మమ్మ గురించి కాదు నేననేది."

"ఎవరి గురించైతేనేం. వండింది మా అమ్మేగా."

"అమ్మా, నా బిడ్డ ముందు మొదట పెట్టేది వాళ్ళు పారేసింది కాకూడదు. అంతే నేనడిగేది" అంది ఆ పిల్ల. పొట్ట మీద చెయ్యి వేసుకుని బయటికెళ్ళి కార్లో కూర్చుంది.

అక్క నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. మిల్లులో ఉన్నదానివి. మీరు మా కోసం కావాలని విరగ్గొట్టేవారా, లేదా?"

అవునని ఒక్కమాట చెబితే చాలు, ఆ మనిషి ఊపిరి తీసుకుంటుంది. నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ బియ్యం గురించి అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు.

"లేదక్కా. విరిగిపోయినవి. మంచివి వేరే పెట్టాక కిందికి దిగినవి."

ఆవిడ గుప్పెట్లో నూకలు బస్తాలోకి జారవిడిచింది.

"కానీ మా ఇంట్లోనూ అవే తిన్నాం" అన్నాను. "మిల్లు వాళ్ళకి మిల్లు నూకలే. మా అమ్మ నూకలన్నంలో గోంగూర కలిపి పెడితే మేం వేళ్ళు నాకేవాళ్ళం. నువ్వు తిన్నదే నేనూ తిన్నాను."

"నీకు తెలుసుగా, అది మంచివి తీసేశాక మిగిలినదని. నాకు తెలీదు. నేను బియ్యమంటేనే అదనుకున్నాను" అంది. నూకలు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అన్నం వారుస్తుంటే నాకూ ఏదోలా అయింది. మా నాయనమ్మ చెప్పేది, వాళ్ళ పెద్దల కాలంలో మా వైపు చోళ్ళూ సజ్జలే తిండి, వరన్నం పండక్కేనని. దొర గోదారికి ఆనకట్ట కట్టించి కాలవలు తవ్వించాక ఊళ్ళన్నీ వరి మళ్ళయ్యాయి. ఆ దొర విగ్రహానికి మేం ఇప్పటికీ దండలు వేస్తాం. మరి నేను తినే అన్నం నాదా, దొరదా? మా ఆయన్ని అడిగితే, "ముందు వడ్డించు, తర్వాత ఎవరిదో చూద్దాం" అన్నారు. వడ్డించాను గానీ నాకు సయించలేదు.

అక్క చాలారోజులు మా వైపు రాలేదు. గోడవతల అడుగుల చప్పుడు మాత్రం వినిపించేది, అటూ ఇటూ, అటూ ఇటూ. వచ్చినప్పుడు ఏమీ కొనకుండా వరసల్లో తిరిగి వెళ్ళిపోయేది. ఒకరోజు ఉన్నట్టుండి నా ముందుకొచ్చి, "నాకు సజ్జ వండటం రాదు" అంది. "నేను టౌనులో పుట్టాను. పేరు పెట్టేరోజు పొద్దున సజ్జజావ అందరూ చేస్తారు, కానీ దానికి పిండిని రవ్వలాంటి ఉండలు చేసేది పల్లెనుంచి వచ్చే ఆడవాళ్ళు. నేను తినడమే గానీ చెయ్యలేదు. నా కూతురు నాది అంటున్నది నాకు రాదు. నాకొచ్చింది నాది కాదంటోంది."

టీ ఇచ్చాను. తాగకుండా చేతిలో పట్టుకుని తిరిగింది.

తర్వాతి వారం కూతురు న్యూయార్కులో ఆఫ్రికా షాపునుంచి సజ్జ ఉండలు ప్యాకెట్టు తెచ్చింది. ముందువైపు రోలూ రోకలీ పట్టుకున్న ఆఫ్రికా ఆడమనిషి బొమ్మ. అక్క ప్యాకెట్టు వెనక్కి తిప్పి, ఫ్రెంచి అక్షరాలు వేలితో చూపిస్తూ, పైకి చదివింది. ప్యాక్ చేసింది ఫ్రాన్సులో. ముందు నవ్వింది ఆ పిల్లే. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, "ఆంటీ, మీ దగ్గర సజ్జలుంటాయా? ఉత్త గింజలు" అంది. పప్పుల వరసలో కింద అరలో దుమ్ముపట్టి ఉన్నాయి. తెచ్చిచ్చాను.

మా వంటింట్లోనే చేశాం. నేను పిండి ఆడించాను. ఆ పిల్ల ఫోన్లో ఎవరో పల్లెటూరి ఆవిడ వీడియో పెట్టింది. నీళ్ళు చిలకరించి, అరచేత్తో తిప్పితే పిండి చిన్న చిన్న పూసలవ్వాలి. మా ముగ్గురిలో ఎవరికీ అవ్వలేదు. అక్క చేతిలో ముద్దలు, నా చేతిలో పిడకలు, ఆ పిల్ల చేతిలో బురద. నడుము నొప్పి అని ఆ పిల్ల కుర్చీలో కూర్చుని చెబుతుంటే మేం ఇద్దరం నిలబడి తిప్పాం. సాయంత్రానికి ఏవో పూసలయ్యాయి. అక్క ఒకటి ముందుపళ్ళతో కొరికి, "సరే" అంది. అంతే. బియ్యం గురించయితే గంట మాట్లాడేది.

మగబిడ్డ పుట్టాడు. పేరు పెట్టేరోజు కూతురి అపార్టుమెంటు నిండా జనం. పొద్దున పెరుగూ పంచదారా కలిపిన సజ్జజావ. మసీదు పెద్దాయన బిడ్డ చెవిలో పేరు చెప్పాడు, వాళ్ళ తాతల కాలపు పేరు. మధ్యాహ్నం సజ్జ ఉండల మీద కూరగాయల పులుసు. అక్క అందరికీ వడ్డిస్తూ తిరిగింది. తిన్నవాళ్ళు బాగుందన్నారు. ఆ పెద్దాయన మాత్రం చెయ్యి తుడుచుకుని, తలుపు వైపు ఒకసారి చూసి, ఏదో అడిగాడు. అక్క ఏదో జవాబిచ్చింది. గది గదంతా నవ్వింది. కూతురు నవ్వలేదు.

ఏమన్నావని తర్వాత అడిగాను. "ఆయన, అన్నం ఇంకా రాలేదే అన్నాడు. బియ్యం ఇంకా ఓడలోనే ఉంది అన్నాను" అంది. చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు. గిన్నెలు కడుగుతూ కడుగుతూ కిటికీ దగ్గరికెళ్ళి బయటికి చూసి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది.

జనం పల్చబడ్డాక చూస్తే వెనకపక్క పొయ్యి మీద చిన్న గిన్నె ఉంది. పైన చిల్లుల గిన్నె, చుట్టూ తడిగుడ్డ. ఎండుచేప వాసన, చింతపండు వాసన.

"అక్కా, ఇదేంటి? వద్దంది కదా."

"ఎవరికీ పెట్టను. బిడ్డ ముందూ పెట్టను. మాటిచ్చాను" అంది. "పేరు పెట్టిన ఇంట్లో ఆ వాసన ఒక్కసారైనా లేకపోతే, నేను ఇక్కడికి రానట్టే ఉంది చెల్లీ. ఉడికాక డబ్బాలో పెట్టుకుని పట్టుకుపోతాను."

అప్పుడే కూతురు వంటింట్లోకి వచ్చింది, బిడ్డని భుజాన వేసుకుని. అక్క సింకు వైపు తిరిగిపోయి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడగడం మొదలెట్టింది. వీపు బిగుసుకుపోయింది.

ఆ పిల్ల గిన్నె వైపు చూసింది. గుడ్డ ఒకపక్క వదులై అక్కణ్నుంచి ఆవిరి సుయ్యిమంటూ పోతోంది. ఆ పిల్ల దగ్గరికొచ్చింది. బిడ్డ తల ఒక చేత్తో అదిమి పట్టుకుని, రెండో చెయ్యి ముందుకి చాపింది. పొయ్యి కట్టేస్తుందనే అనుకున్నాను. వదులైన గుడ్డని లోపలికి దోపి, బొటనవేలితో నొక్కుకుంటూ, కాలితే వేలు తీసి, మళ్ళీ నొక్కుకుంటూ, ఆ చివరిదాకా వెళ్ళింది. సుయ్యిమనడం ఆగిపోయింది. వాళ్ళ భాషలో తల్లితో రెండు ముక్కలేవో అంది, రోజూ అనే మాటలాగే. బిడ్డని ఇంకో భుజం మీదికి మార్చుకుని వెళ్ళిపోయింది.

"ఏమంది?" అన్నాను.

"ఆవిరి పోతోందమ్మా, అంది."

ఆ తర్వాత ఆ పిల్ల తిన్నదో లేదో నాకు తెలీదు. మా ఆయన అప్పటికే కింద కారు హారన్ కొడుతున్నారు. కానీ నేను చెప్పు వేసుకుంటూ వెనక్కి తిరిగి చూశాను. అక్క కుళాయి కట్టేసి, చేతులు పావడాకి తుడుచుకుని, మూలనున్న స్టూలు కాలితో దగ్గరికి లాక్కుంది. దాని మీద కూర్చుంది. కాళ్ళు చాపుకుని, పగిలిన మడమలు ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుంది. నోట్లో పుల్ల తీసి పక్కన పెట్టింది.

"చెల్లీ, వెళ్ళేముందు ఆ మంట కాస్త తగ్గించు" అంది.